దేవుడున్న కొండ, ఇనుమున్న కొండ

 

మన భిలాయ్ ఊరు పుట్టిందే కొండల వల్ల. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి నుంచి దశాబ్దాల పాటు దల్లీ-రాజహరా కొండల ఇనుప ఖనిజమే ఈ ప్లాంటును పోషించింది. అందుకే, ఈ రోజు పట్టాలు అందుకుని ఇంజనీర్లయిన మీతో కొండల గురించి మాట్లాడాలనుకున్నాను.

ఇక్కడ నాగపూర్ వైపు రైలెక్కితే డోంగర్‌గఢ్ వస్తుంది. మైదానంలో నిటారుగా లేచిన కొండ మీద బమ్లేశ్వరి అమ్మవారు. నవరాత్రులకు మీలో చాలామంది ఆ వెయ్యికి పైగా మెట్లు ఎక్కే ఉంటారు. అదే ఊళ్లో ప్రజ్ఞాగిరి మీద బుద్ధుడున్నాడు. చంద్రగిరి జైనుల క్షేత్రం. ఆచార్య విద్యాసాగర్ 2024 ఫిబ్రవరిలో అక్కడే సల్లేఖన అనే ఉపవాస వ్రతంతో దేహం చాలించారు. మన విజయనగరం దగ్గరి రామతీర్థమూ ఇలాంటిదే. రాముడి గుడికి దగ్గర్లోనే గురుభక్తుల కొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు కనిపిస్తాయి. శ్రీలంకలోని శ్రీపాద శిఖరం మీద ఉన్నది ఒక్కటే పాదముద్ర. అది బుద్ధుడిదని బౌద్ధులు, శివుడిదని హిందువులు, ఆదాముదని ముస్లింలు మొక్కుతారు.

ఇన్ని మతాలు అవే కొండలను ఎందుకు ఎంచుకున్నాయి? దూరం నుంచి కనబడటం ఒక కారణం. ఎక్కడానికి పడే కష్టం మరొకటి. ఆ ఆయాసంలో మనిషి తన సంగతి మరిచిపోతాడు. అన్నిటికన్నా పెద్ద కారణం నీళ్లని నా నమ్మకం. కొండ వానను పట్టి, నిలబెట్టి, వేసవిలో ఊటలుగా వదులుతుంది. ఆ నీటితో బతికినవాళ్లు, వాళ్ల మతం ఏదైనా, కొండకు దండం పెట్టకుండా ఉండలేరు.

మీరు చదివిన శాస్త్రం ఇందులో ఇంకొకటి చూపిస్తుంది. ఇనుప రాతి పొరలు గట్టివి. చుట్టూ ఉన్న మెత్తని రాయి యుగాల తరబడి అరిగిపోయినా అవి నిలబడతాయి. మన ఫర్నేసుకు కావలసిన ఆ రాయే కొండను ఎత్తుగా నిలబెట్టి, జనం తలెత్తి చూసేలా చేసింది. గని, గుడి ఒకే కొండను కోరుకోవడం యాదృచ్ఛికం కాదు.

అందుకే ఆ రెండిటికీ ఘర్షణ కూడా వస్తుంది. 2019 జూన్‌లో ఇనుప గనులున్న బైలడీలాలో, కొత్త తవ్వకం వద్దంటూ వేలమంది ఆదివాసులు గని పట్టణం కిరందుల్‌కు నడిచి వచ్చారు. మన కాగితాల్లో డిపాజిట్ 13గా ఉన్న కొండ వాళ్లకు నందరాజు దేవుడు. ప్రభుత్వం అక్కడ పని ఆపించింది. అంతకు ముందు ఒడిశా నియమగిరిలో, 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో 12 గ్రామసభలు కూర్చున్నాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ తీర్మానించాయి. అక్కడివాళ్ల దేవుడు నియమరాజు ఉన్న ఆ కొండల వాగులు వంశధారలో కలుస్తాయి. శ్రీకాకుళం నుంచి భిలాయ్‌కి పనికోసం వచ్చిన కుటుంబాల పిల్లలు ఈ సభలో ఉన్నారు. మీ తాతల పొలాలకు పారినవి ఆ నీళ్లే.

ఉక్కు వద్దని నేననను. ఈ పట్టణంలో ఎందరి అన్నమో అది. రేపు రౌఘాట్ గనుల్లోనో బైలడీలాలోనో మీకు ఉద్యోగం వస్తే, డ్రిల్లింగ్‌కు ముందు ఊరి పెద్దలతో, పూజారితో కలిసి కొండంతా తిరగండి. ఊటలు ఎక్కడున్నాయో, జాతర ఎక్కడ జరుగుతుందో వాళ్లు చూపిస్తారు. ఆ చోట్లను మైన్ ప్లాన్‌లో గుర్తించండి. గ్రామసభ వద్దంటే, ఆ మాటను మీ నివేదికలో ఉన్నదున్నట్టు రాసి సంతకం చేయండి.