ప్రొఫెసరుతో తొలి సంభాషణ

అమెరికాలో పీహెచ్‌డీ చేయగోరే యౌవనులారా, ఈ దినం మాటలు మీ కోసమే. కాబోయే గైడుగారితో తొలిసారి మాట్లాడాలంటే భయంగా ఉన్నదా?

మొదట గడియారం చూడండి. న్యూయార్కు మనకంటే వేసవిలో 9 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 10 గంటల 30 నిమిషాలు వెనుక. రెండవది, వారు ఇటీవల ప్రచురించిన రెండు మూడు పరిశోధన పత్రాలు చదివి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకోండి. మూడవది, మీరు చేసిన పనిని 2 నిమిషాల్లో చెప్పడం ఇంట్లో అభ్యాసం చేయండి.

తెలియనిది అడిగితే "తెలియదండి" అనండి. తెలిసినట్టు నటించి చేరితే, ఆ నటనను ఐదారేళ్లు మోయాలి.

ప్రియులారా, పరీక్ష మీకొక్కరికే కాదు. వచ్చే ఏడు విద్యార్థులను తీసుకుంటున్నారా? స్టయిపెండు ఎన్నేళ్లు, ఎక్కడి నుండి వస్తుంది? వినయంగా అడగండి. వారి దగ్గర ఇప్పుడు చదువుతున్న వారితోనూ మాట్లాడండి. నాన్నగారు పొలం కుదువ పెట్టకముందే తెలియవలసిన సంగతులివి.

చాలా విభాగాల్లో ప్రవేశం నిర్ణయించేది కమిటీ. కాబట్టి ఆదరంగా మాట్లాడితే సీటు వచ్చినట్టు కాదు, ముక్తసరిగా మాట్లాడితే పోయినట్టూ కాదు. కృతజ్ఞతలు రాసి పంపండి, నిమ్మళంగా నిద్రపోండి.