అరవై కిలోల చిట్టి: గ్రేట్ డేన్‌తో ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయంటే

ఈ ఎపిసోడ్ చాలా రోజుల్నుంచి పెండింగ్‌లో ఉంది. రీల్స్‌లో చూసే ఉంటారు, ఒక పెద్ద కుక్క సోఫా మొత్తం ఆక్రమించి పడుకుంటుంది, ఒక చిన్న పాప దాని పొట్టమీద తల పెట్టి నిద్రపోతుంటుంది. లక్ష లైకులు. అది చూసి "అక్కా, గ్రేట్ డేన్ పిల్లని తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని నాకు వారానికి రెండు మూడు మెసేజ్‌లైనా వస్తాయి. అందుకే ఈరోజు అదే టాపిక్. పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం జరుగుతుందో చెప్తాను, తీసుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

మా కుక్క పేరు చిట్టి. ఆడది, ఆరేళ్లు. తెచ్చిన రోజు నా ఒళ్లో పట్టింది కాబట్టి ఆ పేరు పెట్టాం, ఇప్పుడు మార్చలేం కదా. పోయిన నెల తూకం వేస్తే 58 కిలోలు. నేను 54. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా వీటిమీదే నడుస్తుంది. మగవైతే 70 కూడా దాటుతాయి.

పేరులో డేన్ అని ఉంది గానీ డెన్మార్క్‌తో దీనికి పెద్ద సంబంధం లేదు. ఈ జాతిని పెంచి ఒక రూపానికి తెచ్చింది జర్మనీవాళ్లు, అడవిపందుల వేటకోసం. స్కూబీ డూ ఉన్నాడు కదా, 1969 నుంచి టీవీలో దెయ్యాల్ని చూసి పరుగెడుతున్నాడు, అతనూ గ్రేట్ డేనే. కార్టూన్ వేసినవాళ్లకి ఈ కుక్కల సంగతి బాగా తెలుసనుకుంటా. అడవిపందిని పట్టిన వంశం, మా ఇంట్లో మాత్రం కుక్కర్ విజిలేస్తే బాత్రూమ్‌లోకి దూరుతుంది. [నవ్వు]

సరే, పిల్లప్పటి సంగతి ముందు చెప్తా, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ గోల అక్కడే. పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉండే పిల్ల ఏడాది తిరిగేసరికి 45, 50 కిలోలు అవుతుంది. కళ్లముందే పెరుగుతుంది, నిజంగా. అది చూసి చుట్టాలు, పక్కింటివాళ్లు అందరూ "పెద్ద జాతి కదా, ఎముకలు గట్టిపడాలి, పాలు పొయ్యండి, గుడ్లు పెట్టండి, కాల్షియం సిరప్ తాగించండి" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఈ జాతి పిల్లలకు అదే విషం. కాల్షియం ఎక్కువైతే వద్దని ఆపుకునే శక్తి ఆ వయసులో వాటి పేగులకు ఉండదు, ఇచ్చిందంతా లోపలికి లాగేసుకుంటాయి, ఎముకలు వంకరపోతాయి. 1974లోనే అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీవాళ్లు గ్రేట్ డేన్ పిల్లలమీదే పరిశోధన చేసి చూపించారు. ఎంత కావాలంటే అంత తిన్న పిల్లలకు ఎముకల సమస్యలు వచ్చాయి, కొలిచి తక్కువ పెట్టినవి మెరుగ్గా ఉన్నాయి. కాబట్టి పక్కటెముకలు చేతికి తగిలేలా సన్నగా పెంచాలి. "పాపం, తిండి పెట్టట్లేదా?" అని దారిన పోయేవాళ్లు అడుగుతారు. నవ్వి ఊరుకోవడమే.

ఇంట్లో మొదట మార్చాల్సింది నేల. మన ఫ్లాట్లన్నీ నున్నటి టైల్స్, లేకపోతే గ్రానైట్. వాటిమీద యాభై కిలోల కుక్క లేవబోయి కాళ్లు జారి విడిపోతే చూడలేం. మా హాల్లో ఒక మూలనుంచి ఇంకో మూలదాకా రబ్బరు మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు పరిచాం. చూడ్డానికి జిమ్‌లా ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని అమ్మ మొదట్లో బాధపడింది, ఇప్పుడు మానేసింది. పరుపు కూడా మందంగా ఉండాలి, గట్టి నేలమీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి.

తోక గురించి ఎవరూ చెప్పరు. అది తోక కాదు, కొరడా. సంతోషమొస్తే సరిగ్గా టీపాయ్ ఎత్తులో ఊగుతుంది. మా ఇంట్లో గాజుగ్లాసులన్నీ పోయి స్టీలువి వచ్చాయి. గోడకి కొట్టుకుని తోక చివర పగిలిందంటే, ఊపినప్పుడల్లా గోడలమీద రక్తం చుక్కలు పడతాయి. కట్టు కడితే పది నిమిషాల్లో పీకేస్తుంది. ఇక చొంగ. నీళ్లు తాగి తల విదిలిస్తే ఫ్యాన్ రెక్క దాకా వెళ్తుంది, అతిశయోక్తి కాదు. అమ్మ భుజంమీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది, ఎవరొచ్చినా ముందు దాని మూతి తుడిచాకే తలుపు తీస్తుంది. వంటగది గట్టు దానికి డైనింగ్ టేబుల్ లెక్క, మెడ కూడా చాచక్కర్లేదు. పెరుగు గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి, చపాతీ పిండి కూడా.

వాకింగ్ దగ్గర ఆ 58, 54 లెక్క వస్తుంది. అది నిజంగా లాగితే నేను ఆపలేను. నేనే కాదు, చాలామంది ఆపలేరు. కాబట్టి లాగకూడదని దానికే తెలిసి ఉండాలి, అదీ పదిహేను కిలోలు ఉన్నప్పుడే నేర్పాలి. గల్లీ కుక్కలు మొరిగితే ఆగి నావైపు చూడాలని మూడు నెలలు రోజూ నేర్పించాం. "గ్రేట్ డేన్స్ శాంతంగా ఉంటాయి, ట్రైనింగ్ అక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెప్తారు, నమ్మకండి. శాంతంగానే ఉంటాయి, కానీ ప్రేమతో మీద వాలినా ముసలాళ్లు పడిపోతారు. మనుషులమీద ఒరిగి నిలబడటం వీటికి అలవాటు.

లిఫ్ట్‌లో ఒక ప్లేట్ ఉంటుంది చూడండి, 6 మంది, 408 కిలోలు అని. భాగిస్తే మనిషికి 68. అంటే లిఫ్ట్ లెక్కలో చిట్టి దాదాపు ఒక మనిషి. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో "పెద్ద కుక్కలకి లిఫ్ట్ వద్దు" అని ఒకసారి మెసేజ్ పెట్టారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, అసోసియేషన్లు కుక్క సైజును బట్టి నిషేధం పెట్టకూడదు, లిఫ్ట్ వాడొద్దని ఆపకూడదు. అది ప్రింట్ తీసి ఇచ్చాం, గొడవ ఆగింది. ఇంకోటి, 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమైన జాతులని 23 పేర్లతో రాష్ట్రాలకు లేఖ పంపింది, అందులో గ్రేట్ డేన్ లేదు. ఆ లేఖనీ తర్వాత కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. రూల్ మన పక్కనే ఉంది, కానీ నేను మాత్రం లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే ఎక్కను, తర్వాత వచ్చేదానికోసం ఆగుతాను. మూడో ఫ్లోర్ ఆంటీకి చిట్టిని చూస్తే చెమటలు పడతాయి. ఆవిడ భయం ఆవిడది, ప్రింటవుట్ చూపిస్తే పోదు.

ఎండాకాలం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటినప్పుడు మా టైమ్‌టేబుల్ మొత్తం మారిపోతుంది. పొద్దున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇంకోసారి. రోడ్డుమీద అరచెయ్యి ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే వెనక్కి వచ్చేస్తాం. కరెంట్ పోతే ఒళ్లంతా నీళ్లు పోస్తాం. గ్రేట్ డేన్‌కి పొట్టి వెంట్రుకలు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. సెయింట్ బెర్నార్డ్ అడిగేవాళ్లకి మాత్రం ఒక్క మాట. ఆ కుక్క పుట్టిపెరిగింది ఆల్ప్స్ కొండల్లో, దాదాపు 2,470 మీటర్ల ఎత్తున ఉన్న కనుమలో, మంచులో. దాన్ని తెచ్చి విజయవాడలో మే నెలలో పెట్టడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. ఏసీ ఉందిగా అంటారు. జీవితమంతా ఒక్క గదిలోనా?

ఇప్పుడు అసలు విషయం. మిగతా ఎపిసోడ్ మర్చిపోయినా పర్లేదు, ఇది మాత్రం వినండి.

పోయినేడాది కార్తీకమాసం. ఎనిమిదింటికి తిన్నది. పదిన్నరకి చిట్టి ఇల్లంతా తిరుగుతోంది, కూర్చుంటుంది, వెంటనే లేస్తుంది, తన పొట్టవైపే చూసుకుంటోంది. వాంతి చేసుకోబోతోంది, కానీ ఏమీ రావట్లేదు, తెల్లటి నురుగు తప్ప. అమ్మ "గ్యాస్ పట్టినట్టుంది, వాము నీళ్లు పడదాం" అంది. నేను పొట్టమీద వేళ్లతో తట్టాను, డప్పులా మోగింది. దీన్ని బ్లోట్ అంటారు. కడుపు గాలితో ఉబ్బి, తనచుట్టూ తాను మెలితిరిగిపోతుంది. లోపలికి దారి లేదు, బయటికి దారి లేదు, రక్తం ఆగిపోతుంది. గంటల్లో ప్రాణం పోతుంది. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలన్నిటికీ ఈ గండం ఉంది, అందులో గ్రేట్ డేన్‌ది ముందు వరస. వాముకి, సోడాకి, మందులషాపు గ్యాస్ మాత్రకి ఇది లొంగదు. మెలి విప్పే ఆపరేషన్ ఒక్కటే దారి.

మా దగ్గర్లోని క్లినిక్ పదింటికే మూసేశారు. రెండోచోట ఫోన్ ఎత్తారు, కానీ రాత్రిపూట సర్జన్ లేరన్నారు. మూడోచోట రమ్మన్నారు, ఊరికి ఆ చివర. అప్పుడు వచ్చింది 58 కిలోల లెక్క మళ్లీ. అది నడవలేకపోతోంది, దాన్ని కారుదాకా ఎవరు ఎత్తాలి? పెద్ద దుప్పటి పరిచి దానిమీదికి జరిపి, నాన్న, వాచ్‌మన్, పై ఫ్లోర్‌లో ఉండే అబ్బాయి, నేను, నాలుగు కొసలూ పట్టుకుని తీసుకెళ్లాం. అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ మొదలైంది. కడుపుని సరిచేసి, మళ్లీ తిరగకుండా పక్కగోడకి కుట్టేశారు. నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. బిల్లు 70 వేలు దాటింది. డాక్టర్ చెప్పింది ఒక్కటే, ఇంకో గంట రెండు గంటలు లేటయితే కడుపు గోడ చచ్చుబడిపోయేదట.

అలా కుట్టడాన్ని గ్యాస్ట్రోపెక్సీ అంటారు. దాన్ని జబ్బు రాకముందే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి ఒకేసారి చేయించుకోవచ్చు. కడుపు ఉబ్బడం పూర్తిగా ఆగదు గానీ మెలిపడే ప్రమాదం బాగా తగ్గుతుంది. కొత్తగా పిల్లని తెచ్చేవాళ్లు మొదటి వ్యాక్సిన్ రోజే డాక్టర్‌ని దీని గురించి అడగండి. తిండి ఒక్కసారే కాకుండా రెండు మూడు సార్లుగా పెట్టండి, తినగానే గంతులు వేయనివ్వకండి, గబగబా తినేదైతే మెల్లగా తినేలా గళ్లున్న గిన్నె వాడండి. స్టాండ్‌మీద ఎత్తుగా పెట్టే గిన్నెలు పెద్ద కుక్కలకు తప్పనిసరి అని పెట్ షాపుల్లో ఇప్పటికీ అమ్ముతారు. 2000లో పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది దీనికి రివర్స్, ఎత్తు గిన్నెలో తినే కుక్కలకే బ్లోట్ ఎక్కువగా వచ్చింది. మాది నేలమీదే.

ఇంకా ముఖ్యంగా, రాత్రి రెండింటికి ఆపరేషన్ చేసే హాస్పిటల్ ఏదో ఇవాళే కనుక్కోండి. బోర్డుమీద 24 గంటలు అని ఉంటే సరిపోదు, ఫోన్ చేసి "సర్జన్ ఉంటారా, రాత్రి ఎక్స్‌రే తీస్తారా?" అని అడగండి. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకి ఈ జవాబు దొరక్కపోతే, నా మాటగా చెప్తున్నా, గ్రేట్ డేన్ తీసుకోకండి. తిట్టుకున్నా సరే.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. రోజుకు 700 గ్రాముల దాకా డ్రై ఫుడ్, 20 కిలోల బస్తా నెల తిరక్కుండానే ఖాళీ. మాకు తిండికే నెలకు పదివేలు దాటుతుంది. మందులన్నీ కిలోల లెక్కే కదా, పక్కింటి పగ్‌కి పట్టే డోసుకి మాది ఏడెనిమిది రెట్లు. రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చెయ్యాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్, అందులో చిట్టి నిలబడలేదు కూడా. అందుకే పెళ్లిళ్లకి మాలో ఒకరు ఎప్పుడూ ఇంట్లోనే.

ఆయుష్షు 7 నుంచి 10 ఏళ్లు. గిన్నిస్ రికార్డు కొట్టిన జ్యూస్, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కుక్క, 111.8 సెంటీమీటర్ల ఎత్తు, 2014లో పోయేసరికి దానికి ఐదేళ్లే. జర్మనీలో గాటింగెన్ యూనివర్సిటీవాళ్లు 74 జాతుల లెక్కలు తీసి 2013లో చెప్పిందేంటంటే, పెద్ద కుక్కలు ముసలితనంలోకి వేగంగా పరుగెడతాయి, బరువు రెండు కిలోలు పెరిగితే ఆయుష్షు సుమారు ఒక నెల తగ్గినట్టు. ఇంటర్‌లో ఉండగా తెచ్చుకుంటే, మీకు ఉద్యోగం వచ్చి కుదురుకునే సమయానికి అది ముసలిదవుతుంది. వెనక కాళ్లు బలహీనపడితే రోజుకు నాలుగుసార్లు ఎత్తి నిలబెట్టాలి. మీరు బెంగళూరులో ఉంటారు, ఎత్తాల్సింది అరవై ఏళ్ల మీ నాన్న.

మేం ఇప్పుడు ఆ పనిమీదే ఉన్నాం. చిట్టికి ఆరు నిండాయి, మాది నాలుగో ఫ్లోర్, లిఫ్ట్ ఆగితే మెట్లమీదుగా దించలేం. వెనక పట్టీ ఉన్న హార్నెస్ కొన్నాం, అవసరం రాకముందే అలవాటు చేస్తున్నాం. ఆదివారాలు టులెట్ బోర్డులు వెతుకుతున్నాం. ఫోన్‌లో "కుక్క ఉందండీ" అంటే "పర్లేదమ్మా" అంటారు, ఫొటో పంపగానే "మా తమ్ముడు దిగుతానంటున్నాడు" అంటారు. ఇప్పటికి పదకొండు ఇళ్లు అయ్యాయి. సైనిక్‌పురి, మల్కాజిగిరి వైపు గ్రౌండ్ ఫ్లోర్, రెండు మెట్లకు మించకుండా, ఓనర్‌కి కుక్కలంటే భయం లేని ఇల్లు మీకు తెలిస్తే మెసేజ్ పెట్టండి. ఫొటో ముందే పంపిస్తాను. ఉంటాను మరి, దాని వాకింగ్ టైమైంది.