టైరులో గాలి, దారి మీద హక్కు
(వికారాబాదులో ఉద్యోగినులు, విద్యార్థినులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడే విషయం విని మా ఇంట్లో నవ్వారు. ఆడవాళ్ల సభలో ఆస్తిహక్కు గురించో, గృహహింస గురించో మాట్లాడతారు గాని టైర్లకు గాలి కొట్టే పంపు గురించి మాట్లాడతారా అన్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ మన సంఘంలో ఉన్న ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, బడిపంతులమ్మలు సగం మందికి పైగా బండి మీద తిరిగేవాళ్లే. పోయిన సమావేశంలో అందరూ అడిగింది ఇదే: "అక్కా, దారిలో గాలి పోతే ఏం చెయ్యాలె?" అందుకే ఈ మాటలు.

నేను చాలా ఏళ్లు వికారాబాదు నుంచి తాండూరు వైపు ఒక పల్లె బడికి వెళ్లి వచ్చాను. మొదట రైలు, బస్సు. తర్వాత స్కూటీ. ఆ దారి మీకు తెలిసిందే. అనంతగిరి అడవి దిగాలి, ధారూరు దాటాలి, తాండూరు దగ్గరయ్యేకొద్దీ నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు. రోడ్డు పక్కకు జరిగితే రాతి పలుకులు. ఆ దారిలో టైరుకు ఆయుష్షు తక్కువ.

ఒక చలికాలం సాయంత్రం ధారూరు దాటి అనంతగిరి ఎక్కబోతుంటే వెనక చక్రం ఊగడం మొదలైంది. దిగి చూస్తే గాలి సగానికి పైగా పోయింది. ఆరు కాకముందే చీకటి పడింది. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతోంది. ఒక బైకు ఆగింది. ఇద్దరు మగపిల్లలు. "ఏమైంది మేడం, గాలి పోయిందా?" అన్నారు. వాళ్లు మంచి పిల్లలే. నాతోపాటు బండి తోసుకుంటూ ఊరిదాకా వచ్చి పంక్చరు షాపు చూపించి పోయారు. కానీ ఆ అరగంటా నా గుండె ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. సాయం చేసేవాణ్ణి చూసి భయపడవలసి రావడం ఎంత అవమానమో ఆ రోజు తెలిసింది. నాకూ అవమానమే, ఆ పిల్లలకూ అవమానమే.

ఆ భయం నేను పుట్టించుకున్నది కాదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఏం జరిగిందో మనలో మరిచిపోయినవాళ్లు లేరు. ఒక పశువైద్యురాలు స్కూటర్ నిలిపి పనికి వెళ్తే, కావాలని టైరులో గాలి తీశారు. తిరిగి వచ్చాక సాయం చేస్తామని దగ్గరకొచ్చారు. భయంగా ఉందని ఆమె చెల్లెలికి ఫోన్ చేసింది. తెల్లవారి షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె శవం దొరికింది. చెల్లెలికి కాకుండా పోలీసులకు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని అప్పటి రాష్ట్ర హోంమంత్రి అన్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే పరిధి మాది కాదంటూ తిప్పారని ఆ కుటుంబం చెప్పింది. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు.

కాబట్టి ముందే ఒక మాట చెబుతాను. పంపు కొనుక్కోండి అంటున్నానంటే, పంపు లేకపోవడం ఆమె తప్పు అని కాదు. నేరం గాలి తీసినవాడిది. పంపు మనకు పది నిమిషాలు మిగులుస్తుంది. ఎవరినీ బతిమాలకుండా అక్కడినుంచి కదిలే వీలిస్తుంది. ఆ పది నిమిషాల కోసమే ఈ లెక్కలన్నీ.

ఇప్పుడు పంపు సంగతి.

మొట్టమొదట మీ టైరు ఏ రకమో తెలుసుకోండి. ట్యూబ్ ఉన్న టైరుకు మేకు దిగితే గాలి నిమిషాల్లో పోతుంది. ఎంత పంపు కొట్టినా నిలవదు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది. మేకు పీకకండి. అలాగే ఉంచి గాలి నింపితే చాలాసార్లు పంక్చరు షాపుదాకా నెమ్మదిగా వెళ్లగలరు. అంటే పంపు పంక్చరును బాగు చెయ్యదు. గాలి కావాలని తీసినా, మెల్లగా తగ్గినా, ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా పనికొస్తుంది.

బజారులో మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి కాలితో తొక్కే పంపు. చార్జింగ్ అక్కర్లేదు, చాలా ఏళ్లు నడుస్తుంది. కానీ బరువు ఎక్కువ, చీర కుచ్చిళ్లతో తొక్కడం కష్టం. నేను ఒకసారి కొంగు నడుముకు బిగించి తొక్కాను, దారిన పోయేవాళ్లకు అదొక సినిమా అయింది. రెండోది కారు సాకెట్‌కు గుచ్చేది. కారున్న వాళ్లకు ఇదే నమ్మకమైనది, దాంట్లో పాడయ్యే బ్యాటరీ ఉండదు. వైరు వెనక చక్రందాకా అందుతుందో లేదో కొనేముందే చూడండి, మూడు మీటర్లయినా ఉండాలి. స్కూటర్‌కు ఇది కుదరదు. స్కూటర్‌లో ఫోన్ చార్జింగ్ కోసం ఇచ్చే రంధ్రం ఈ మోటారును నడపలేదు. మూడోది లోపలే బ్యాటరీ ఉండేది. నీళ్ల సీసా అంత ఉంటుంది, స్కూటీ డిక్కీలో పడుతుంది. మన అవసరానికి ఎక్కువమందికి ఇదే సరి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో "150 పీఎస్ఐ" అని రాస్తారు. దాన్ని చూసి మోసపోవద్దు. స్కూటర్ ముందు టైరుకు ఇరవై పైచిలుకు, వెనక టైరుకు ముప్ఫై చుట్టుపక్కల, చిన్న కారుకు 30 నుంచి 35 చాలు. మీ బండికి సరిగ్గా ఎంతో బండి పుస్తకంలో, కారుకైతే డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. టైరు మీద అచ్చుపోసిన అంకె గరిష్ఠం, అంత కొట్టకూడదు. మనం అడగవలసింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందని. అది తక్కువైతే కారు టైరు నిండేసరికి పంపు వేడెక్కి ఆగిపోతుంది. ఎంతసేపు ఆపకుండా నడపవచ్చో, ఆ తర్వాత ఎంతసేపు చల్లార్చాలో పుస్తకంలో రాసి ఉంటుంది, చదవండి. నేను మొదట కొన్న చవక పంపు కారు రెండో టైరుకే పొగ వాసన కొట్టింది.

బ్యాటరీ విషయంలోనూ కిటుకు ఉంది. ఎంఏహెచ్ అంకె పెద్దదని పొంగిపోవద్దు. 3.7 వోల్టుల మీద 6000 అన్నా, 11.1 వోల్టుల మీద 2000 అన్నా లోపల ఉన్న శక్తి ఒకటే, సుమారు 22 వాట్-అవర్లు. కాబట్టి వాట్-అవర్లు ఎన్నో చూసి పోల్చండి.

అనుకున్న అంకె దగ్గర దానంతటదే ఆగే ఏర్పాటు ఉండాలి. చీకట్లో కనిపించే అంకెలు, ఒక లైటు ఉండాలి. పీఎస్ఐ, బార్ అని రెండు కొలతలు ఉంటాయి. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పీఎస్ఐ. ఏ కొలతలో ఉందో చూసుకోకుండా అంకె పెట్టొద్దు. స్కూటర్ చక్రం చిన్నది, వాల్వు దగ్గర చోటు ఇరుకు. గట్టి ముక్కు ఉన్న పంపు అక్కడ పట్టదు. మెత్తగా వంగే గొట్టం ఉన్నది తీసుకోండి. దుకాణంలోనే మీ బండికి పెట్టి చూపించమనండి. ఆన్‌లైన్‌లో కొంటే ఇంటికి రాగానే పెట్టి చూడండి, రోడ్డు మీద మొదటిసారి డబ్బా విప్పకూడదు. పని అయ్యాక గొట్టం కొస కాలుతుంది, కొంగుతో పట్టుకోండి.

గాలి పొద్దున బండి తీయకముందు చూడాలి. నడిచిన టైరు వేడెక్కి ఎక్కువ అంకె చూపిస్తుంది. పంపును ఎండాకాలం కారులో వదిలెయ్యకండి, తాండూరు ఎండకు ఆ బ్యాటరీ చెడుతుంది. రెండు మూడు నెలలకోసారి చార్జింగ్ పెట్టండి. బిల్లు దాచండి. మాటిచ్చినట్టు పని చెయ్యకపోతే 1915కు ఫోన్ చెయ్యవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు రుసుము లేదు.

మా అమ్మాయి, స్నేహితురాళ్లు హైదరాబాదు నుంచి కారులో వచ్చి కోట్‌పల్లి చెరువు దగ్గర గుడారం వేసుకుని ఒక రాత్రి గడుపుతామన్నారు. మా వదిన "మగతోడు లేకుండా ఏం గుడారమే బిడ్డా" అంది. మా అమ్మాయి జాబితా చూపించింది: పంపు, ట్యూబ్‌లెస్ పంక్చరు కిట్టు, టార్చి, నీళ్లు, స్టెప్నీ టైరులో గాలి చూసిన తారీఖు. స్టెప్నీలో గాలి చూసే మగవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పండి! ఒక్క తప్పు చేశారు. గాలి పరుపు కూడా ఆ పంపుతోనే నింపుదామనుకున్నారు. పరుపుకు తక్కువ ఒత్తిడి, ఎక్కువ గాలి కావాలి. టైరు పంపుతో గంటైనా నిండదు, ఉన్న చార్జింగ్ అయిపోతుంది. పరుపుకు వేరే పంపు తీసుకెళ్లాలి. వాళ్లు వెళ్లారు, మర్నాడు తిరిగొచ్చారు. వదిన ఇప్పుడు తన కోడలికీ ఒక పంపు కొనమంటోంది.

ఇక అసలు మాట. పంపు కొనుక్కున్నాం కాబట్టి ఇవ్వవలసినవాళ్లు ఇవ్వనక్కర్లేదని కాదు.

పెట్రోలు బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలి. తాగే నీళ్లు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టె, ఫిర్యాదుల పుస్తకం ఉండాలి. ఇది ఎవరి దయా కాదు, ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన నిబంధన. నేను ఆగిన ఒక బంకులో నెలల తరబడి "మిషన్ ఖరాబైంది మేడం" అన్న జవాబే. మరోచోట "సార్‌ను పంపియ్యుండ్రి, చూస్తం" అన్నారు. ఒక రోజు ఫిర్యాదుల పుస్తకం అడిగాను. ముందు లేదన్నారు. నలుగురం కలిసి అడిగితే దొరికింది. రాశాం. వారం తిరగకముందే గాలి వచ్చింది.

ఆపదలో 112, మహిళల కోసం 181, జాతీయ రహదారి మీదైతే 1033. ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పరిధి మాది కాదని పోలీసులు తిప్పి పంపడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. శంషాబాదు కుటుంబం ఆ రాత్రి అడిగింది ఇంతకన్నా ఎక్కువ కాదు.

అన్నిటికీ పంపు జవాబు కాదు కూడా. 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాదుకు వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొట్టింది. చనిపోయినవాళ్లలో చదువుకుంటున్న మన ఆడపిల్లలున్నారు. వాళ్లు ఏ జాగ్రత్త తీసుకుంటే బతికేవాళ్లు? రోడ్డు వెడల్పు, లారీల బరువు, వేగం మన సంచిలో పెట్టుకుని వెళ్లేవి కావు. అవి అడిగి తీసుకోవలసినవి.

అందుకని రెండు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, అందరూ పంపు కొనలేరు. ఒకే దారిలో వెళ్లే నలుగురైదుగురు చందా వేసుకుని ఒకటి కొనండి. నెలకొకరి దగ్గర ఉంచి, వాడటం అందరూ నేర్చుకోండి. రెండు, వికారాబాదు నుంచి తాండూరుదాకా దారిలో ఉన్న ప్రతి బంకు దగ్గరా ఆగి గాలి వస్తోందా, మరుగుదొడ్డి తెరిచి ఉందా, వీధిదీపం వెలుగుతోందా రాసుకుందాం. ఆ కాగితం కలెక్టరుగారి ప్రజావాణిలో ఇద్దాం. వచ్చే ఆదివారం పొద్దున బస్టాండు దగ్గర కలుద్దాం. నేను నా పంపు తెస్తాను. బండి ఉన్నవాళ్లు బండి తెచ్చుకోండి, ఎవరి టైరుకు వాళ్లే గాలి కొట్టుకుని బయలుదేరుదాం.