‘మరికొందరు’ ఎవరు?



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో, ఆ ప్లీడరు గారి దగ్గర జూనియరుగా చేరిన మొదటి వారంలోనే నాకో పాఠం దొరికింది. ఒక ధర్నా కేసు వచ్చింది. ఎఫ్ఐఆర్‌లో పద్నాలుగు పేర్లు, చివర ‘మరికొందరు’. నేను గబగబా సెక్షన్లు చూడబోయాను. ఆయన ఆ చివరి మాట కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, “ముందు దీని సంగతి చూడవయ్యా. ఈ తలుపు తీసి ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఎవడికి నిద్ర పడుతుంది?” అన్నారు. తరవాత ఒక్కో ముద్దాయికి ఒక్కో తెల్ల కాగితం పెట్టి రాయించారు. ఆ రోజు ఎక్కడున్నాడు, ఏం చేశాడు, ఎవరు చూశారు. ఏ పార్టీ అన్న గడి ఆ కాగితంలో లేదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ ‘మరికొందరు’ అనే మాట చరిత్ర.

మన రాజకీయాల్లో రెండు వాక్యాలు ఎప్పుడూ నలుగుతూ ఉంటాయి. ఒకటి, “చట్టం తన పని తాను చేసుకుపోతుంది”. రెండోది, “ఇది కక్ష సాధింపు”. అల్లరి జరుగుతుంది, కేసులు పడతాయి, ఒకరు మొదటి వాక్యం అంటారు, ఇంకొకరు రెండోది అంటారు. ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారగానే వాక్యాలు అవే ఉంటాయి, నోళ్లు మాత్రం మారతాయి. కాబట్టి ఎవరన్నారన్నదాన్ని బట్టి నిజం తేలదు. కేసు కట్ట విప్పితేనే తేలుతుంది. కొన్ని పాత కట్టలు మీ ముందు విప్పుతాను.

2024 దాకా అమల్లో ఉన్న మన పాత శిక్షాస్మృతి 1860 నాటిది. అందులో 149వ సెక్షను ఉండేది. ఒకే ఉద్దేశంతో గుమిగూడిన చట్టవిరుద్ధ సమూహంలో ఒకడు నేరం చేస్తే అందరూ బాధ్యులే. 1870లో 124ఎ, 121ఎ చేర్చారు. మొదటిది రాజద్రోహం, రెండోది ప్రభుత్వం మీద యుద్ధానికి కుట్ర. 1913లో నేరపూరిత కుట్రను విడిగా నేరం చేశారు. అంటే సాయుధ విప్లవాలు చూసి భయపడ్డ ఒక పరాయి సర్కారు, చేతిని పట్టుకోవడానికి ఒక సెక్షను, నోటిని పట్టుకోవడానికి ఒకటి, తలలో ఆలోచనను పట్టుకోవడానికి ఇంకొకటి సిద్ధం చేసుకుంది. దొరలు వెళ్లిపోయారు, బీరువా తాళంచెవి మాత్రం మన చేతికొచ్చింది.

1908 మార్చిలో తిరునల్వేలిలో స్వదేశీ ఉద్యమ నాయకుడు వి.ఓ. చిదంబరం పిళ్లైని అరెస్టు చేశారు. ఊరు భగ్గుమంది. కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఇక్కడ బెజవాడలో ‘స్వరాజ్య’ వారపత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు దాని మీద ఘాటుగా రాశారు. ఆయన తిరునల్వేలిలో రాయి విసరలేదు, నిప్పు పెట్టలేదు, అసలు అక్కడ లేరు. రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, మద్రాసు హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. కాల్పుల్లో పోయినవాళ్ల గురించి రాసిన చెయ్యి జైలుకు వెళ్లింది. ఆ కేసు రాజకీయ కక్షా కాదా అని తేల్చుకోవడానికి మనకు పెద్ద చదువు అక్కర్లేదు.

అన్ని కేసులూ అంత తేలిక కావు. చౌరీచౌరా చూడండి.

గోరఖ్‌పూర్ జిల్లా, 1922 ఫిబ్రవరి 4. ఊరేగింపుగా వచ్చిన వలంటీర్లకూ పోలీసులకూ గొడవ ముదిరింది. పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు. గుంపు తిరగబడి ఠాణాకు నిప్పు పెట్టింది. 22 మంది పోలీసులు, చౌకీదార్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లూ మనవాళ్లే. పొట్టకూటికి యూనిఫాం వేసుకున్న పల్లెటూరి మనుషులు. గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశారు. ఇక్కడ కేసు పెట్టకూడదని ఎవరనగలరు? ఇంతమంది చనిపోతే చట్టం కళ్లు మూసుకుంటే, రేపు ఎవరింటికైనా ఎవరైనా నిప్పు పెట్టవచ్చు.

కేసు పెట్టడం న్యాయమే. నడిపిన తీరు చూడండి. విచారణకు నిలబెట్టినవాళ్లు 225 మంది. ప్రాసిక్యూషన్ కథకు వెన్నెముక మీర్ షికారీ అనే అప్రూవరు. 1923 జనవరిలో సెషన్స్ జడ్జి హోమ్స్ 172 మందికి ఉరిశిక్ష వేశారు. నూట డెబ్బై రెండు మెడలు! అప్పీలులో మదన్ మోహన్ మాలవీయ వాదించారు. ఏప్రిల్ 30న అలహాబాదు హైకోర్టు 19 మందికే ఉరి ఖాయం చేసింది, 38 మందిని వదిలేసింది, మిగిలినవాళ్లకు రకరకాల జైలుశిక్షలు వేసింది. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు. జనవరికీ ఏప్రిల్‌కీ మధ్య 153 ఉరితాళ్లు తగ్గాయి. కింది కోర్టు గుంపును చూసింది, పై కోర్టు మనుషులను విడదీసి చూసే ప్రయత్నం చేసింది. ఆ 19 మందికి పడ్డ శిక్ష న్యాయమేనా అంటే నేను తల ఊపలేను. కానీ మా ప్లీడరు గారి తెల్ల కాగితం విలువ ఎంతో ఈ లెక్క చెబుతుంది.

ఇక్కడ ఒక మాట. “రాజకీయ కేసులన్నీ కక్షలే, అసలు కేసులే వద్దు” అనే మిత్రులున్నారు. వాళ్లకు కేసే లేని చరిత్ర ఒకటి గుర్తు చేస్తాను. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును పట్టుకుని కాల్చి చంపారు. ఏ కోర్టు బోనులో నిలబెట్టారు? 1970 జూలైలో శ్రీకాకుళం కొండల్లో నక్సలైటు నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ల మీద ఏ జడ్జి తీర్పు రాశారు? ప్రాసిక్యూషన్ అంటే ప్రభుత్వం తనను తాను కట్టేసుకోవడం. “ఈ మనిషి తప్పు చేశాడని నలుగురి ముందు రుజువు చేస్తాను, చేయలేకపోతే వదిలేస్తాను” అని మాట ఇవ్వడం. ఆ మాట నిలబెట్టుకుంటే కేసును మించిన మర్యాద లేదు. కాబట్టి మన పోరాటం మంచి కేసు కోసం. కేసే వద్దనడం కోసం కాదు.

మంచి కేసుకు మొదటి గుర్తు, ఒక్కో మనిషినీ విడిగా చూడడం. రెండో గుర్తు, అదే చట్టం అవతలివాడి గుమ్మం కూడా తొక్కాలి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. కేసు పడింది. 1968లో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ తరవాత శ్రీకాకుళం ఏ దారి పట్టిందో మీకు తెలుసు. ఆ దారిన నడిచినవాళ్ల మీద పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. కోర్టు లేవిడి తీర్పులో సాక్ష్యం చాలలేదనవచ్చు. కానీ ఒకే కొండ మీద ఒక వైపు తుపాకీకి సాక్ష్యం చాలక, ఇంకో వైపు తుపాకీకి కుట్ర సెక్షను సరిపోతే, కొండవాసి దాన్ని న్యాయమని ఎందుకు అనుకుంటాడు?

తెలంగాణ సాయుధ పోరాటం కట్టలో ఇంకో ప్రశ్న ఉంది, శిక్ష ఎంత అన్నది. ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మందికి ఉరి వేశాయి. వాళ్ల కోసం లండను నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. ఉరి తప్పింది, యావజ్జీవం అయింది. తరవాతి కాలపు నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు అది కూడా దక్కలేదు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ చీకట్లో, ముషీరాబాదు జైలులో ఉరి తీశారు. వాళ్ల మీద ఉన్నది హత్యానేరం. ఉద్దేశం రాజకీయమైనంత మాత్రాన హత్య హత్య కాకుండా పోదు. కానీ శిక్ష ఎంత అన్న దగ్గర ఉద్దేశం లెక్కలోకి రావాలి. డబ్బు కోసం గొంతు కోసినవాణ్నీ, దున్నేవాడికే భూమి అని నమ్మి చంపినవాణ్నీ ఒకే తాటికి కట్టడం న్యాయం కాదు. ఈ మాటతో ఈ సభలో అందరూ ఏకీభవించరని నాకు తెలుసు. అయినా చెప్పవలసిన చోటు ఇదే.

సికింద్రాబాదు కుట్ర కేసు 1974 నాటిది. ముద్దాయిల్లో విప్లవ రచయితల సంఘం (విరసం) కవులు, రచయితలు ఉన్నారు. వరవరరావు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్. హింసాకాండకు వాళ్ల రాతలే ప్రేరణ అన్నది ఆరోపణ. కె.జి. కన్నబిరాన్ వాదించారు. తీర్పు 1989లో వచ్చింది. అందరూ నిర్దోషులు. పదిహేనేళ్ల తరవాత! ఆ తీర్పు వినడానికి చెరబండరాజు లేడు, 1982లోనే కన్నుమూశాడు. శిక్ష పడని కేసులో శిక్ష ఎక్కడుంది? వాయిదాల్లో ఉంది, పోయిన ఉద్యోగంలో ఉంది, ఊరు దాటాలంటే అడగవలసిన అనుమతిలో ఉంది. అది ఏ తీర్పు కాగితం మీదా కనబడదు. హరిసర్వోత్తమరావు నుంచి చెరబండరాజు దాకా సర్కారు మారింది గానీ రాతను నిప్పుగా లెక్కగట్టే అలవాటు మారలేదు.

ఇంతవరకు కేసులు పెట్టడం గురించి. కేసులు ఎత్తేయడం గురించి మనం ఇంత శ్రద్ధగా మాట్లాడుకోం. ఎందుకంటే ఎత్తేసినప్పుడు స్వీట్లు పంచుతారు.

ఎమర్జెన్సీ నాటి బరోడా డైనమైట్ కేసులో జార్జి ఫెర్నాండెజ్ ముద్దాయి. 1977లో జైలు నుంచే ముజఫర్‌పూర్‌లో పోటీ చేసి గెలిచారు. జనతా ప్రభుత్వం రాగానే కేసు ఉపసంహరించారు. దాని మీద సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన తీర్పు మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు రాసినది. దాని సారం నా మాటల్లో చెబుతాను. సాక్ష్యం లేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు, సమాజంలో శాంతి కోసం కూడా ఉపసంహరించవచ్చు. అయితే ఆ నిర్ణయం పబ్లిక్ ప్రాసిక్యూటరుది, ప్రభుత్వం సలహా ఇవ్వవచ్చు గానీ మెడలు వంచకూడదు, చివరికి కోర్టు చూసి ఒప్పుకోవాలి. ఉపసంహరణకు వీలిచ్చే పాత నేర విచారణ స్మృతి 321వ సెక్షను ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 360 అయింది. నంబరు మారినా సూత్రం అదే.

2014లో తెలంగాణ వచ్చాక ఉద్యమ కేసులను ఎత్తేయాలని కొత్త ప్రభుత్వం నిర్ణయించింది. ఉద్యమం గమ్యం చేరాక విద్యార్థులను కోర్టుల చుట్టూ తిప్పడంలో అర్థం లేదు, అది సరైన పనే. కానీ కేరళ శాసనసభలో 2015 బడ్జెట్ రోజున మైకులు విరగ్గొట్టిన సభ్యుల కేసును ఉపసంహరిస్తామంటే 2021 జూలైలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. శాసనసభ్యుల హక్కులు విధ్వంసానికి గొడుగు కావని చెప్పింది. మరుసటి నెలలోనే అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారి ధర్మాసనం, ఎంపీలు, ఎమ్మెల్యేల మీది కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని ఆదేశించింది. ‘మావాళ్లు’ అన్న ఒక్క కారణంతో గంపగుత్తగా ఎత్తేసే జీవో కూడా ‘మరికొందరు’ లాంటిదే. మనిషిని చూడదు, గుంపును చూస్తుంది.

తుని చూడండి. 2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల సభ నాడు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ బోగీలు తగలబడ్డాయి. 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు ఆ కేసు కొట్టేసింది. బోనులో నిలబడ్డవాళ్లు ఏడేళ్లు తిరిగి నిర్దోషులయ్యారు. మంచిదే. మరి రైలు తగలబడ్డ మాట నిజమా కాదా? నిప్పు పెట్టినవాడు దొరకలేదు, పెట్టనివాడు ఏడేళ్లు తిరిగాడు. కక్ష సాధింపు అన్నవాళ్లకూ గెలుపు లేదు, చట్టం తన పని చేసింది అన్నవాళ్లకూ గెలుపు లేదు.

దీనికి మందు మన చట్టంలోనే ఉంది. 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు ఒక జాగ్రత్త నేర్పింది. గుంపు కేసుల్లో ఒక మనిషికి శిక్ష వేయాలంటే, అతని గురించి ఇద్దరు ముగ్గురు సాక్షులైనా ఒకే మాట చెప్పి ఉండాలి. ఆ జాగ్రత్త తీర్పు రోజున పాటిస్తే ఆలస్యం. అది అరెస్టు రోజునే పాటించాలి. ఇవాళ సీసీ కెమెరాలున్నాయి, సెల్‌ఫోన్ వీడియోలున్నాయి. ఎవరు ఏం చేశారో వేరుచేయడం చౌరీచౌరా నాటికంటే ఎంతో తేలిక. అయినా ఎఫ్ఐఆర్ చివర ఆ మాట ఇంకా కూర్చునే ఉంది. అందులో ఎవరి పేరు ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే కదా దాని అసలు బలం!

కాబట్టి ఈసారి పేపర్లో అల్లర్ల కేసు కనబడితే, ఏ1 ఏ పార్టీ అని వెతకకండి. ఒక్కొక్కరి మీద ఏమి రాశారో చదవండి. ఎత్తివేత జీవో కనబడినా అలాగే చదవండి. యువ న్యాయవాదులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీకు నచ్చని పార్టీ కార్యకర్త కేసు ఏడాదికి ఒక్కటైనా తీసుకోండి.

ఆ పద్నాలుగు మంది ధర్నా కేసు ఏమైందని మీరు అడుగుతారు. నాలుగేళ్లు నడిచింది. పన్నెండు మంది నిర్దోషులు. బస్సు అద్దం పగలగొట్టిన ఇద్దరికి జరిమానా పడింది. అప్పీలు చేద్దామని వాళ్లు వస్తే మా ప్లీడరు గారు, “అద్దం పగలగొట్టింది మీరే కదరా, కట్టేసి ఇంటికి వెళ్లండి” అన్నారు. ఆ జరిమానాలో సగం ఆయనే ఇచ్చారు.