తెర మీద రంగు, చీర మీద రంగు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

సమాఖ్య పెద్దలకు, సోలాపూరు, భివండి, బరంపురం, సేలం, దొడ్డబళ్ళాపురం, యానాం నుంచి రైళ్ళూ బస్సులూ పట్టుకుని వచ్చిన మన బంధువులకు, ఆడపడుచులకు, మా కంచి నేతగాళ్ళ తరఫున నమస్కారాలు.

మాది ఎనిమిదో తరగతి చదువు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాళ్ళం. అలాంటి మమ్మల్ని కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవారు అడిగితే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. వేరే సంఘాల కార్యదర్శులు మాకు ఫోన్ చేసినప్పుడు పట్టు ధర ఎంత అడుగుతున్నారో, ఈ స్క్రీన్ల గురించీ అంతే అడుగుతున్నారు. "పెద్ద మానిటరు కొన్నామండీ. లాప్‌టాప్‌లో శుభ్రంగా ఉన్న డిజైను దాంట్లో మసకగా ఉంది. రంగులు తేడాగా ఉన్నాయి. షాపువాడికి వాపసు ఇచ్చేద్దామా?" అని. వాపసు ఇచ్చేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మా ఆఫీసులో డిజైను పని చూసే అబ్బాయీ మేమూ కూర్చుని నేర్చుకున్నవే ఇక్కడ చెబుతాం. పుస్తకం చదివి చెప్పేవి కావు.

తెర బాగోలేకపోతే మనకు పోయేదేమిటి అని కొందరు అడగొచ్చు. ఒకప్పుడు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు పూసి అంచు డిజైను గీసేవాళ్ళం. అడ్డంగా ఒక్కో గడి ఒక్కో హుక్కు, నిలువుగా ఒక్కో వరుస ఒక్కో అట్ట. ఇప్పుడా గడులన్నీ కంప్యూటరులోకి పోయాయి. గడి సరిగ్గా కనబడకపోతే అట్టలో రంధ్రం తప్పుతుంది. ఇక రంగు సంగతి మరీ చెప్పక్కర్లేదు. కొనేవాళ్ళు చీరను చేత్తో తాకకముందే తెర మీద రంగు చూసి ఆర్డరు ఇస్తున్నారు. అక్కడ తేడా వస్తే చివరికి కోత పడేది ఎవరి కూలిలో? నేసినవాడి కూలిలో, రంగు వేసినవాడి కూలిలో. అందుకని ఇది మన కడుపుకు సంబంధించిన విషయమే.

కంప్యూటరంటే జంకే పెద్దవాళ్ళకు మధ్యలో ఒక మాట. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డు అట్టలతో మగ్గం నడిపించాడు. ఆ అట్టలు చూసే తర్వాత ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడు. కంప్యూటరు వంశంలో మన మగ్గం ఉంది. వేలు పెట్టడానికి భయపడొద్దు.

సరే, తప్పు వెతికే పద్ధతి చూద్దాం. జకార్డు మగ్గం మీద తప్పు వస్తే మనమేం చేస్తాం? తప్పు పడుగు వెంబడి ఒకే గీతలో పోతుంటే హుక్కు లేవట్లేదో, తాడు తెగిందో అనుకుంటాం. అట్టల వరస ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే ఆ అట్టే తప్పు అనుకుంటాం. అంతేగానీ హుక్కూ, అట్టా, పన్నే అన్నీ ఒకేసారి మార్చం. మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు. ఇక్కడా అంతే. కంప్యూటరు, కేబులు, మానిటరు, ఈ మూడే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. కేబులు మార్చి చూడండి. అదే మానిటరుకు వేరే లాప్‌టాప్ తగిలించి చూడండి. ఇంకో సులువు కూడా ఉంది. ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి తెరను ఫొటోలాగా దాచుకోండి. ఆ ఫొటోను ఇంకో మంచి తెర మీద తెరిచి చూడండి. మసక అందులోనూ ఉంటే తప్పు కంప్యూటరు లోపల, ఆ ప్రోగ్రాములో ఉన్నట్టు. ఫొటో శుభ్రంగా ఉంటే తప్పు బయట, అంటే సైజు సెట్టింగులోనో, కేబులులోనో, మానిటరులోనో ఉన్నట్టు. దీంతో సగం తగవు తీరిపోతుంది.

మా దగ్గర మొదట వచ్చిన తగవు అన్నపక్షి ముక్కు దగ్గర. మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు, చిన్నప్పుడే గ్రాఫు నేర్చిన చెయ్యి. కొత్త మానిటరులో డిజైను చూసి, "అబ్బాయీ, ఈ ఒంటిపోగు గీత ఒకచోట లావుగా ఉంది, ఒకచోట సన్నంగా ఉంది. ఇట్లాగే అట్టలు కొట్టిస్తే పక్షికి గడ్డం మొలుస్తుంది" అన్నారు. అబ్బాయి, "లేదు పెదనాన్నా, ఫైలులో ఒకటే పోగు ఉంది, లెక్కపెట్టి చూడు" అన్నాడు. ఇద్దరూ తగ్గలేదు. ఇద్దరి మాటా నిజమే. ఫైలులో ఒక పోగే ఉంది, తెర మీద లావూ సన్నం కనబడుతూనే ఉంది.

కారణం ఏమంటే, ప్రతి మానిటరుకూ పుట్టుకతో ఇన్ని చుక్కలని ఉంటాయి, పన్నెకు ఇన్ని పళ్ళు ఉన్నట్టు. ఆ మానిటరుకు అడ్డంగా 1920, నిలువుగా 1080. మా పాత లాప్‌టాప్‌కు 1366, 768. రెంటిలోనూ ఒకే బొమ్మ కనిపించేలా 'డూప్లికేట్' అని పెట్టి ఉంది. అలా పెడితే సాధారణంగా చిన్నదాని లెక్కే పెద్దదానికీ పడుతుంది. అంటే 1366 పోగుల డిజైనును 1920 హుక్కుల మీద పరిచినట్టు. ఒక్కో పోగు వంతుకు ఒకటిన్నర హుక్కు కూడా రాదు. అర హుక్కు అనేది లేదు గదా. అందుకని మానిటరు పక్క పక్క రంగులు కలిపి, నడుమ బూడిద రంగు పూసి సర్దుతుంది. మసక అంటే అదే.

దీనికి మందు సులువు. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీట పట్టుకుని పి అక్షరం నొక్కితే నాలుగు దారులు చూపిస్తుంది. అందులో 'ఎక్స్‌టెండ్' గానీ, 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' గానీ ఎంచుకోండి. తర్వాత డిస్‌ప్లే సెట్టింగులలోకి వెళ్ళి, ఆ పెద్ద మానిటరు బొమ్మ మీద నొక్కి, రిజల్యూషన్ దగ్గర 'రికమెండెడ్' అని పక్కన రాసి ఉన్నదే పెట్టండి. మేము పెట్టగానే ఆ గీత చివరిదాకా ఒకే లావులో వచ్చింది. పెద్దాయన అబ్బాయి వైపు చూసి మీసం దువ్వుకున్నారు. అబ్బాయీ ఆయన వైపు చూసి నవ్వాడు. ఎవరు గెలిచారో మాకైతే తెలియలేదు.

ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది. రికమెండెడ్ పెట్టగానే అక్షరాలు చిన్నవైపోతాయి. మన వయసువాళ్ళకు కళ్ళు ఆనవు. దాంతో మళ్ళీ రిజల్యూషన్ తగ్గించేస్తారు, మళ్ళీ మసక మొదలు. అలా చేయొద్దు. దాని దగ్గరే 'స్కేల్' అని ఇంకోటి ఉంటుంది. 100 ఉన్నదాన్ని 125 గానీ 150 గానీ చేసుకుంటే అక్షరాలు పెద్దవవుతాయి, చుక్కల లెక్క చెడదు. అయితే మనలో చాలామంది వాడేవి పాత డిజైను ప్రోగ్రాములు. వాటికి ఈ స్కేలు సంగతి తెలియక అవి మటుకే మసకబారొచ్చు. అప్పుడు ఆ ప్రోగ్రాము గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్, అందులో కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగులు, ఇంత లోపలికి వెళ్ళాలి. అక్కడ స్కేలింగ్ పని 'అప్లికేషన్' చూసుకోవాలని పెడితే శుభ్రపడుతుంది. ఇది కొంచెం లోతు, పిల్లల చేత చేయించుకోండి.

కేబులు సంగతి. నీలం తల, రెండు పక్కలా మరలు ఉండేది వీజీఏ కేబులు. పాతది. అందులో బొమ్మ అలలాగా పోతుంది కాబట్టి నీడలు పడటం, వణకడం ఉంటుంది. మానిటరు మీద 'ఆటో' మీట ఒకసారి నొక్కితే కొంత సర్దుకుంటుంది. తల లోపల 15 పిన్నుల చోటు ఉంటుంది. మొదటి పిన్ను ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం మోస్తాయి. మొదటిది వంగిందా, తెల్ల కాగితం లాంటి తెర నీలిపచ్చగా మారిపోతుంది. రెండోది పోతే గులాబీ వంకాయ రంగు. మూడోది పోతే పసుపు. రంగు వేసే మన అన్నదమ్ములకు ఇది వింతగా ఉంటుంది, తొట్టిలో ఎరుపూ ఆకుపచ్చా కలిపితే పసుపు రాదు గదా. వెలుగులో వస్తుంది. తెర అంతా ఒకే రంగు పులిమినట్టు ఉంటే మానిటరు పోయిందని ఏడవొద్దు, ముందు కేబులు తల ఊడదీసి చూడండి. కొన్ని కేబుళ్ళలో 9వ పిన్ను మొదటి నుంచీ ఉండదు, దానికి కంగారుపడొద్దు. వీలున్నచోట హెచ్‌డీఎంఐ కేబులు వాడండి. రెంటినీ కలిపే చిన్న డబ్బా కొనేటప్పుడు ఏ వైపు నుంచి ఏ వైపుకో అడిగి కొనండి, చాలా డబ్బాలు ఒక దిక్కుకే పనిచేస్తాయి.

చాలా సంఘాలలో మానిటరు బదులు టీవీ పెట్టుకుంటున్నారు. పెద్దగా ఉంటుంది, పదిమంది చూడొచ్చు. మేము కాదనం. కానీ టీవీ సినిమా కోసం పుట్టింది. బొమ్మ అంచులు కొంచెం కోసి చూపించే అలవాటు దానికి ఉంది. మనకు అంచే ప్రాణం! నాలుగు పక్కలా డిజైను తెగినట్టు ఉంటే టీవీ పిక్చర్ సెట్టింగులలో 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది, అది పెట్టండి. షార్ప్‌నెస్ ఎక్కువుంటే ప్రతి పోగు చుట్టూ తెల్లటి నీడ వస్తుంది, తగ్గించండి. నీలం నేల మీద ఎర్ర పోగు మరీ అలికినట్టు కనబడితే, టీవీ రంగును పొదుపు చేస్తోందన్నమాట. వెలుగు చుక్క చుక్కకూ వేరుగా ఇచ్చి, రంగు మటుకు పక్కనున్న రెండు నాలుగు చుక్కలకు కలిపి ఒకటే ఇస్తుంది. ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి టీవీలో 'పీసీ' అని పేరు పెడితే చాలా టీవీలు ఆ పొదుపు మానేస్తాయి.

నలుపు సంగతి కూడా ఇక్కడే. కంప్యూటరు లెక్కలో నలుపు 0, తెలుపు 255. టీవీ లెక్కలో నలుపు 16, తెలుపు 235. ఒకరు ఒక లెక్కలో పంపి ఇంకొకరు ఇంకో లెక్కలో చదివితే, అయితే నలుపు బూడిదలా తేలిపోతుంది, లేకపోతే ముదురు నేరేడు, ముదురు నీలం, నలుపు మూడూ ఒకే ముద్ద అవుతాయి. గ్రాఫిక్స్ సెట్టింగులలో 'ఫుల్', 'లిమిటెడ్' అని ఉంటాయి, రెండు పక్కలా ఒకటే ఉండేలా చూసుకోవాలి. నేరేడు, నీలం, నలుపు మూడు పట్టీలు పక్కపక్కన గీసిన బొమ్మ ఒకటి మా కంప్యూటరులో దాచుకున్నాం. కొత్త తెర ఏది వచ్చినా ముందు అది తెరిచి చూస్తాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. బయటి ఊరి వ్యాపారి ఒకరు మా దగ్గర వంకాయ రంగు చీరలు ఒక డజను చెప్పారు. మేము పంపిన ఫొటో వాళ్ళ కొట్లో పెద్ద టీవీలో చూసి ఒప్పుకున్నారు. చీరలు వెళ్ళాక, "మేము చూసిన రంగు ఇది కాదు" అని వాపసు పంపారు. మా సంఘంలో కొందరు సభ్యులు, రంగు వేసినాయన కూలిలో కోత పెట్టాలన్నారు. ఆయన ఏమీ మాట్లాడలేదు, తను దాచిపెట్టుకున్న నమూనా చిలప తెచ్చి బల్ల మీద పెట్టాడు. చీరనూ చిలపనూ వాకిట్లో పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాం. రెండూ ఒకటే. రంగు వేసినాయన తప్పు లేదు, నేసినామె తప్పు లేదు. మా అబ్బాయి ఆ చిలప పట్టుకుని వాళ్ళ కొట్టుకే వెళ్ళాడు. టీవీ 'వివిడ్' మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో వంకాయ కాస్తా మెరిసే ఊదా అవుతుంది. 'స్టాండర్డ్'కు మార్చగానే ఫొటో చిలప దగ్గరికి వచ్చింది. వాళ్ళు తొమ్మిది చీరలు తీసుకున్నారు. మూడు ఎగ్జిబిషన్‌లో తగ్గించి అమ్మాం. కూలి ఎవరికీ కోయలేదు.

ఆ తర్వాత మా సంఘం తీర్మానం రాసుకుంది. ఫొటో చూసి డిజైను ఒప్పుకోవచ్చు. రంగు మటుకు చిలప ముక్క కొరియరులో పంపి, చేత్తో పట్టుకుని చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న ముక్కలో సగం వాళ్ళ దగ్గర, సగం మా దగ్గర. తెర మీద చూసిన రంగును బట్టి ఎవరి కూలీ తగ్గించకూడదు. కొందరు వ్యాపారులు విసుక్కున్నారు, ఇంత చిన్నదానికి కొరియరా అని. విసుక్కోనివ్వండి. కొరియరు ఖర్చు ఎక్కడ, చీర ఖరీదు ఎక్కడ! జరీ మెరుపు ఏ తెరలోనూ రాదు, పట్టు ఒక పక్క నుంచి ఒక రంగు, ఇంకో పక్క నుంచి ఇంకో రంగు కొడుతుంది. ఎంత మంచి మానిటరైనా దాని వల్ల కానిది కొంత ఉంది.

అయినా తెరను మన వంతు సరిగ్గా పెట్టుకోవాలి. సాయంత్రం అయ్యేసరికి తెర పసుపెక్కితే 'నైట్ లైట్' వేసి ఉన్నట్టు, రంగు పని చేసేటప్పుడు ఆపండి. మానిటరు మెనూలో 'ఎస్‌ఆర్‌జీబీ' అనో '6500' అనో ఉంటే అది పెట్టండి. వెలుతురు ఎంత ఉండాలంటే, తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర ట్యూబులైటులా కొట్టకూడదు, కాగితంలా ఉండాలి. కళ్ళకూ అదే మంచిది. చవక మానిటర్లను పక్క నుంచి చూస్తే రంగు మారిపోతుంది, కాబట్టి రంగు ఒప్పుకునేవాళ్ళు ఎదురుగా కూర్చోవాలి. బల్ల చుట్టూ నిలబడి తలా ఒక రంగు చెప్పడం మా సమావేశాల్లోనూ చూశాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయి పక్క గదిలో ఉంటాడు. రెండు రకాల కేబుళ్ళూ, ఒక మానిటరూ తెచ్చాం. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు వచ్చి తగిలించి చూసుకోండి. ఆ మూడు పట్టీల బొమ్మ కావాలంటే పెన్‌డ్రైవ్ ఇవ్వండి, ఎక్కించి ఇస్తాడు.