నవ్వుల్ని కత్తిరిస్తే పాట మిగలదు

(తిరువూరులో కళాకారులు, కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాట గురించి మాట్లాడమన్నారు. నేను పాడేవాణ్ణి కాదు. బడిపంతుల్ని, వినేవాణ్ణి. అందుకని వినేవాళ్ళ గురించే మాట్లాడతాను. పాట రాసినవాళ్ళ గురించి, పాడినవాళ్ళ గురించి మన పత్రికల్లో చాలా వచ్చింది. విన్నవాళ్ళు ఏమన్నారో రాసింది తక్కువ. ఇవ్వాళ అది అవసరపడింది. మన కళాబృందం సభల్లో పాడిన పాటల్ని ఉన్నదున్నట్టు రికార్డు చేసి బయటికి తెద్దామనుకున్నాం. దానిమీద మనలోనే రెండు మాటలొచ్చాయి. "మధ్యలో ఆ నవ్వులు, కేకలు, ఎగతాళి మాటలు తీసేయండి. పాట మాత్రం ఉంచండి. అప్పుడు అందరూ వింటారు" అని కొందరు పెద్దల సలహా. ఆ 'అందరూ' ఎవరు? ఇప్పటిదాకా విన్న మనం అందరిలో లేమా? ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

1990 ఫిబ్రవరిలో గద్దర్ అజ్ఞాతం నుంచి బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. ఆ తర్వాత జననాట్యమండలి క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. మనది కృష్ణా జిల్లా అంచు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. రెండడుగులు అటు వేస్తే ఖమ్మం జిల్లా. మామిడి తోటలో కూలికి పోయినా, మిరపకాయ కోతకి పోయినా మన ఆడవాళ్ళు ఆ గట్టు దాటే పోతారు. పాట కూడా అట్లాగే దాటి వచ్చింది. పేటకి ఒక టేప్ రికార్డరు ఉంటే గొప్ప. ఒకరి క్యాసెట్ మీంచి ఇంకొకరు ఎక్కించుకుని, అరిగిపోయి గరగరలాడేదాకా విన్న కాలం అది.

ఆ క్యాసెట్లలో రెండు రకాలు. స్టూడియోలో కూర్చుని పాడినవి కొన్ని. సభలో మైకుకి దగ్గరగా టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నవి కొన్ని. మొదటి రకంలో గొంతు శుభ్రంగా ఉంటుంది. రెండో రకంలో గజ్జెల మోత ఉంటుంది, డప్పు ఉంటుంది, చంటిపిల్ల ఏడుపు ఉంటుంది, జనం నవ్వు ఉంటుంది. మన పేటల్లో ఎక్కువ అరిగింది రెండో రకమే. ఎందుకు? గోచీ, గొంగడి, చేతిలో కర్రతో గద్దర్ పాడుతూ పాడుతూ చటుక్కున ఆగేవాడు. ఒక మాట విసిరేవాడు. జనం గొల్లుమనేవాళ్ళు. ఆ నవ్వులోంచి మళ్ళీ పాట అందుకునేవాడు. మాట ఆయనది, నవ్వు మనది. రెండూ కలిస్తేనే అది పాట. వ్యంగ్యానికి ఒక లక్షణం ఉంది. విన్నవాడు సగం పూర్తి చేయకపోతే అది గాల్లో వేలాడుతుంది. దొర మాటతీరు మనకి తెలుసు కాబట్టే, పాడేవాడు ఒక్క సాగదీతతో దొరని నిలబెట్టగలిగాడు.

ఇప్పుడు శ్రోతల అభిప్రాయాలు ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది: "పాట బాగుంటుంది గానీ మధ్యలో ఉపన్యాసం ఎందుకు?" ఇది చదువుకున్నవాళ్ళ మాట. కచేరీ అంటే నోరు మూసుకుని వినడం, చివర్లో చప్పట్లు కొట్టడం అని నేర్చుకున్నవాళ్ళ మాట. మన సంప్రదాయం అది కాదు. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, అటొక వంత, ఇటొక వంత. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథని తెలుగునాట ఊరూరా నిలబెట్టింది ఈ ముగ్గురి పద్ధతితోనే. హాస్యం చెప్పేవాణ్ణి పక్కకి పంపి కథ ఒక్కటే చెప్పమంటే అది బుర్రకథ అవదు, పురాణ కాలక్షేపం అవుతుంది.

రెండో అభిప్రాయం మనకి మరీ దగ్గరివాళ్ళది. "దొరని తిట్టండి, ప్రభుత్వాన్ని తిట్టండి. కులం ఎందుకు తెస్తారు? పోరాటం చీలిపోతుంది." ఎర్రజెండా కింద మనతో కలిసి నడిచినవాళ్ళు కూడా అన్న మాట ఇది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని తరిమి తరిమి చంపారు. ఆరుగురు పోయారు. ఆ సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలల్ని నరికారు. నరికినవాడు ముందు కూలి రేటు అడగలేదు, కులమే చూశాడు. కూలీ అన్న ఒక్క మాటలో మాల మాదిగల బాధ మొత్తం ఇమడదని మనం గట్టిగా అన్నది ఆ తర్వాతే. కారంచేడు మీద గద్దర్ కూడా పాట కట్టాడు. పాట సంఘటన దగ్గరికి వచ్చిందంటే, వినేవాళ్ళు అడగబట్టి కూడా వచ్చింది.

ఇది కొత్త తగాదా కాదు. 1921 ప్రాంతంలో గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్ల దొరతనము' రాశాడు. తెల్ల ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. దేశమంతా మెచ్చుకుంది. అదే కాలంలో రాజమండ్రిలో ఒక మాల కవి ఆ పాట విన్నాడు. ఆయన కుసుమ ధర్మన్న. ఆయన అభిప్రాయం ఏమిటి? 'మాకొద్దీ నల్ల దొరతనము' అని ఇంకో పాట రాయడమే ఆయన అభిప్రాయం. తెల్ల అన్నచోట నల్ల అన్నాడు, అంతే. వరస అందరికీ తెలిసిందే. ఆ ఒక్క మాట మార్పుతో స్వరాజ్యం ఎవరికి అన్న ప్రశ్న నడివీధిలో నిలబడింది. పాటకి పాటే జవాబు చెప్పిన ఇంతటి శ్రోత తెలుగులో ఇంకొకడు దొరకడం కష్టం. ధర్మన్నని కూడా 'చీలుస్తున్నావు' అనే అన్నారనుకోండి, ఆయన ఆగిపోయి ఉంటే మనకి ఇవ్వాళ మాట ఉండేదా?

మూడో అభిప్రాయం మన ఆడవాళ్ళది. దీన్ని మగవాళ్ళం శ్రద్ధగా వినాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో సారా కాంట్రాక్టరు మీద, తాగుబోతు మొగుడి మీద వ్యంగ్యం గుప్పించింది ఆడవాళ్ళే. కాబట్టి వాళ్ళకి హాస్యం తెలియదని ఎవరూ అనకండి. అయినా మన బృందం పాడేటప్పుడు ఒక సంగతి గమనించాను. దొరసాని డాబు మీద మాటొస్తే ఆడవాళ్ళు విరగబడి నవ్వుతారు. నల్లపిల్ల మీదో, గయ్యాళి పెళ్ళాం మీదో మాటొస్తే మగవాళ్ళ పక్కనే నవ్వు వినబడుతుంది, ఆడవాళ్ళ పక్క నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా అభిప్రాయమే. సభలో తీసిన రికార్డులో అది వినపడుతుంది. స్టూడియో రికార్డులో వినపడదు.

ఈ గొడవ ప్రపంచంలో మనకొక్కరికే కాదు. అమెరికాలో ఫ్రాంక్ జప్పా అని ఒక రాక్ సంగీతకారుడు ఉండేవాడు. 1993లో చనిపోయాడు. గిటారు పట్టుకుని ప్రభుత్వాన్ని, టీవీలో దేవుడి పేరు చెప్పి డబ్బులు దండుకునే బోధకుల్ని ఎగతాళి చేసినవాడు. చాలా ఆల్బంలు కచేరీల్లో రికార్డు చేసినవే. 1976 డిసెంబరులో న్యూయార్కులో చేసిన కచేరీ 1978లో ఆల్బంగా వస్తే, కంపెనీవాళ్ళు అందులోంచి ఒక పాట తీసేశారు. 1991లో సీడీగా వచ్చినప్పుడు గానీ అక్కడి శ్రోతలకి ఆ పాట ఆల్బంలో తిరిగి చేరలేదు. 1985 సెప్టెంబరు 19న, మన దళిత మహాసభ పుట్టిన పద్దెనిమిది రోజులకి, అదే మనిషి అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని పాటల రికార్డుల మీద హెచ్చరిక చీటీలు అంటించొద్దని వాదించాడు. ఇంతవరకు మనం చప్పట్లు కొట్టొచ్చు. కానీ 1979లో ఆయనే యూదు అమ్మాయిల్ని వెక్కిరిస్తూ పాట పెడితే యూదుల సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆయన క్షమాపణ చెప్పనన్నాడు. కంపెనీ కోసిన పాట ఒకటి, బాధపడ్డవాళ్ళు ప్రశ్నించిన పాట ఒకటి. ఈ రెండూ ఒకటి కాదు. కత్తెర వేరు, విమర్శ వేరు. కత్తెర పట్టినవాడు వినకుండా చేస్తాడు. విమర్శించేవాడు పూర్తిగా విని మాట్లాడతాడు. మన ఆడవాళ్ళు చేసేది రెండోది.

నాలుగో శ్రోత ప్రభుత్వం. అది కూడా వింటుంది, బాగా వింటుంది. 1997 ఏప్రిల్ 6న గద్దర్ ఇంటికొచ్చి తుపాకులతో కాల్చారు. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయాడు. చుండూరు తారీఖే. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఆయన పేరుతో ఇచ్చింది. గౌరవం రావడం మంచిదే, నేను కాదనను. కానీ జాగ్రత్త. బతికున్నప్పుడు పాట మొత్తం విని భయపడ్డవాళ్ళు, చనిపోయాక పల్లవి వరకే విని పూలదండ వేస్తారు. అంబేద్కర్‌కి జరిగింది ఇదే గదా. విగ్రహం ప్రతి సెంటర్లో ఉంది. కుల నిర్మూలన పుస్తకం ఎన్ని ఇళ్ళల్లో ఉంది?

కులం పాడితే జనం దూరమైపోతారన్న భయం కూడా వదులుకోండి. 2018 జనవరిలో మద్రాసులో పా. రంజిత్, టెన్మా అనే సంగీత దర్శకుడు కలిసి కాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందాన్ని వేదికెక్కించారు. పేటల్లో పాడే గానా పాట, పరై డప్పు, పక్కన గిటారు. రిజర్వేషన్ల మీద, పశుమాంసం మీద వ్యంగ్యంగా పాడారు. కులాన్ని దాచలేదు, ముందు పెట్టుకున్నారు. జనం విన్నారు, యువకులు మరీ విన్నారు. మన తిరువూరు రిజర్వుడు నియోజకవర్గం. సీటు కులం పేరుతో ఉన్నప్పుడు లేని సిగ్గు, పాటలో కులం వస్తే ఎందుకు?

అందుకని నా ప్రతిపాదనలు చెప్పి ముగిస్తాను. ఒకటి, మన రికార్డులో నవ్వులు, కేకలు, మధ్య మాటలు తీయొద్దు. డప్పు కాచుకునేటప్పటి చప్పుడు కూడా ఉంచండి. రెండు, రికార్డు బయటికి పోకముందు మాలపల్లిలో, మాదిగగూడెంలో ఆడవాళ్ళని కూర్చోబెట్టి వినిపించండి. వాళ్ళు నవ్వని చోట ఎందుకు నవ్వలేదో అడగండి. ఆ మాట మార్చుకుని మళ్ళీ సభలో పాడి, మళ్ళీ రికార్డు చేద్దాం. మూడు, బడి పిల్లల చేత విన్నవాళ్ళ అభిప్రాయాలు రాయిద్దాం. తాత ఏమన్నాడు, నాయనమ్మ ఏమన్నది, పక్క వీధి పెద్దరైతు ఏమన్నాడు, అన్నీ. మెచ్చుకోళ్ళే కాదు, తిట్లు కూడా రాయించండి. ఎవరికి ఎక్కడ తగిలిందో అప్పుడే తెలుస్తుంది.

వేలసంవత్సరాలు వాళ్ళు మనల్ని చూసి నవ్వారు. నాటకంలో మన భాష చూసి, సినిమాలో మన రంగు చూసి నవ్వారు. మనం వాళ్ళని చూసి నవ్వడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. ఆ నవ్వు చప్పుడు మన రికార్డులో వినపడాల్సిందే. దాన్ని మన చేత్తో మనమే చెరిపేయొద్దు.

జై భీమ్.