వింత కణాల జాడ

(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



“పై తరగతుల భౌతికశాస్త్రం తెలుగులో చెప్పగలరా?” అని పిల్లలను చేర్పించే ముందు పలువురు అడుగుతుంటారు. చుట్టూ మరాఠీ, హిందీ వినిపించే చంద్రపూర్‌లో ఆ సందేహం సహజమే. వాదించడం కంటే ఒక విషయం చెప్పి చూపడమే మేలని తలచి ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ అనే శాస్త్రజ్ఞులు మేఘపేటికలో విశ్వకిరణాల జాడలను ఫొటోలు తీశారు. వేలాది ఫొటోలలో రెండింట మాత్రమే విశేషం కనిపించింది. ఒకదానిలో, ఏమీ లేని చోటు నుండి రెండు గీతలు పంగలకర్రలా చీలాయి. కంటికి కనబడని కణమేదో అక్కడ విచ్ఛిన్నమైందన్నమాట. ఇటువంటి కణాలు పుట్టడంలో చూపే తొందర నశించడంలో చూపవు. వాటి ఆయుష్షు సెకనులో వెయ్యి కోట్లవ వంతు! మనకది లెక్కలోనిది కాదు గాని, పరమాణు కేంద్రక ప్రపంచంలో అది దీర్ఘాయుష్షే. అందుకే వాటికి వింత కణాలని పేరు. వాటికొక ప్రత్యేక గుణం ఉన్నదనీ, బలీయ కేంద్రక బలం దానిని మార్చలేదనీ 1953లో జెల్-మాన్, నిషిజిమా వేర్వేరుగా ప్రతిపాదించారు. కనుక అవి జంటగానే పుట్టాలి; విడిపోయాక దుర్బల బలం చేతనే నశించాలి. ఆలస్యానికి కారణమదే.

ప్రోటాన్, న్యూట్రాన్‌లు ప్రధానంగా అప్, డౌన్ అనే రెండు రకాల క్వార్కులతో ఏర్పడినవి. బియ్యం, కందిపప్పు కలిపిన రెండు మూటలు ఢీకొంటే పెసలు రాలాయనుకోండి! సీసపు కేంద్రకాలను మహావేగంతో ఢీకొట్టినప్పుడు వచ్చే వింత క్వార్కులు అటువంటివి. ఢీకొన్న శక్తిలోంచే అవి పుడతాయి. కేంద్రకాలు కరిగి క్వార్కులు, గ్లూవాన్ల ద్రవ్యంగా మారితే ఈ పుట్టుక సులభమవుతుందని 1982లో రఫెల్స్‌కీ, ముల్లర్ లెక్కగట్టారు. జెనీవా వద్ద సెర్న్ ప్రయోగాలలో, మూడు వింత క్వార్కులు గల ఒమేగా కణాలు ఊహించిన దానికి పది రెట్లకు మించి లభించాయి. 2000 ఫిబ్రవరిలో సెర్న్ చేసిన ప్రకటనకు ఇదొక ముఖ్య ఆధారం.

అక్కడి ఆలిస్ ప్రయోగంలో మన దేశం వారి పాలు చిన్నది కాదు. అందులోని ఫోటాన్ శోధకాన్ని కోల్‌కతా, భువనేశ్వర్, జమ్ము, జైపూర్, చండీగఢ్ వంటి చోట్ల సంస్థలు కలిసి నిర్మించాయి. అదే ఆలిస్ బృందం 2017లో మరొక చిక్కును బయటపెట్టింది. రెండు ప్రోటాన్లు మాత్రమే ఢీకొన్నా, కణాలు విస్తారంగా వెలువడిన సందర్భాలలో వింత కణాల పాలు పెరుగుతున్నది. అంత చిన్న చోట కూడా ఆ ద్రవ్యం ఏర్పడుతుందా? దీనిపై చర్చ ఇంకా తెగలేదు.

పదో తరగతి పిల్లలు పొడిమంచు, స్పిరిట్ తో చిన్న మేఘపేటిక సిద్ధం చేశారు. అందులో వింత కణాలు కనిపిస్తాయని ఆశ పెట్టను. విశ్వకిరణాల గీతలు మాత్రం కనిపిస్తాయి. గది చీకటిగా ఉండాలి కనుక, సభ ముగిశాక పదేసి మంది చొప్పున లోపలికి రండి.